నింపినవాడే ముందు కాల్చాలి

నా చిన్నప్పుడు మా నాయన తుపాకి తూటాలు నింపేవాడు. ఈ మాట చెబితే ఇప్పుడు కువైట్‌లో నేనుండే ఫహాహీల్ ఫ్లాట్ల పిల్లలు నమ్మరు. మీ నాయన పోలీసా, మిలిటరీనా అని అడుగుతారు. ఆయన డ్రైవరు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి కువైట్ వచ్చి, మిష్రిఫ్‌లో ఒక పెద్దాయన దగ్గర చాలా ఏళ్లు కారు నడిపాడు. ఆ ఇంట్లో పని చేసేవాళ్లమందరం ఆ పెద్దాయనను బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలిచేవాళ్లం. బాబా మనసున్న మనిషి. మా నాయనను ఒంటరిగా ఉంచకుండా అమ్మనూ నన్నూ కూడా తెచ్చుకోనిచ్చాడు. పెరటి గోడకు ఆనుకొని ఉన్న రెండు గదుల్లో మేం ముగ్గురం ఉండేవాళ్లం.

బాబాకు ఒకటే పిచ్చి ఉండేది. చలికాలం వచ్చిందంటే శుక్రవారం పొద్దున్నే స్నేహితులతో ఎడారికి పోయి, గాల్లోకి విసిరే మట్టి బిళ్లలను తుపాకితో కొట్టేవాడు. పిట్టల జోలికి పోయేవాడు కాదు. ఒక్క పూటలో వందల తూటాలు అయిపోయేవి. కాల్చాక కింద పడే ఖాళీ గొట్టాలను మా నాయన ఏరి గోనెసంచిలో వేసుకొచ్చేవాడు. వాటిలో మళ్లీ తుపాకి మందూ, సీసపు గుళ్లూ నింపి మూతి మూస్తే మళ్లీ పేలతాయి. అందుకోసం బాబా ఎక్కడి నుంచో ఒక చేతి మిషన్ తెప్పించి, కార్ల షెడ్డు వెనక గదిలో బల్లకు బిగించి, దగ్గరుండి మా నాయనకు పని నేర్పాడు. ఇప్పటి రోజుల్లో ఇంట్లో అలా నింపుకుంటామంటే ఎవరూ ఒప్పుకోరు. అప్పటి సంగతి వేరు.

ఇదంతా అవసరమా అని ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక వాదన నడుస్తూ ఉండేది. బాబా తమ్ముడు వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. అంగడికి పోతే కొత్తవి డబ్బాలకు డబ్బాలు దొరుకుతుంటే, డ్రైవరును కూర్చోబెట్టి వారం రోజులు గొట్టాలు తుడిపించడం ఏం తెలివి అని ఆయన మాట. నింపుకుంటే చౌక అని బాబా అనేవాడు. ఆ చౌకలో నీ డ్రైవరు సాయంత్రాలు లెక్కేశావా అని తమ్ముడు తిరిగి అడిగేవాడు. అసలు సంగతి మా నాయన ఒకసారి అమ్మతో చెబుతుండగా విన్నాను. బాబాకు కుడి భుజం నొప్పి. అంగడి తూటా వెనక్కి తన్నే దెబ్బకు ఆ భుజం ఓర్చుకోలేదు. మా నాయన నింపినవి కొంచెం మెత్తగా పేలతాయి. ఆ మాట తమ్ముడి ముందు ఒప్పుకోవడం ఇష్టం లేక చౌక అని చెప్పుకునేవాడు.

ఆ గదిలో మా నాయన వేరే మనిషి అయిపోయేవాడు. మందు డబ్బా తాళం ఆయన మొలతాడుకే ఉండేది. ఆ డబ్బా మూత తీస్తే ఇంకెవరూ లోపల ఉండకూడదు. మందు పోసేటప్పుడు రేడియో ఉండదు, మాట ఉండదు. మిగతా పనికి మాత్రం ఒక తోడు చెయ్యి కావాలి. సంచిలోని గొట్టాలను ఒక్కొక్కటే వెలుగుకు ఎత్తి చూసి, చీలినవీ సొట్టపడినవీ తీసి పాలపొడి డబ్బాలో పడెయ్యాలి, బాగున్నవి పళ్లెంలో పెట్టాలి. నాకు తొమ్మిదేళ్లు వచ్చాక మా నాయన నన్ను ఆ పనికి కూర్చోబెట్టాడు. నేను సంబరంగా కూర్చున్నాను గానీ నాకు నోరు ఊరుకోదు, చెయ్యి ఊరుకోదు. చీలినవాటిని కూడా పళ్లెంలో పెట్టేదాన్ని. ఒకరోజు సీసపు గుళ్ల డబ్బా తన్నేశాను. గది నిండా ఆవాలు దొర్లినట్టు దొర్లాయి. అవి ఏరడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మా నాయన తిట్టలేదు. ఇంకొంచెం పెద్దయినాక చూద్దాంలే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత కొన్నాళ్లకే పక్కింటి అక్క వచ్చింది.

పక్క విల్లాలో వంట చేసే ఆమె కూతురు ఆ అక్క. మాది ఒకే తాలూకా. వాళ్ల నాయన కూడా ఆ ఇంట్లోనే డ్రైవరుగా ఉండి, అంతకు ముందు ఏడాది జబ్బు చేసి చనిపోయాడు. ఆ ఇంటి మామా దయతలచి తల్లీబిడ్డలను పంపెయ్యకుండా, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం తల్లి పేరు మీదికి మార్పించి ఉంచుకుంది. అక్కకు పద్నాలుగేళ్లు ఉంటాయి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ కాటుక పెట్టుకొని, అడిగితే తప్ప మాట్లాడకుండా ఉండేది. ఒక సాయంత్రం వాళ్లమ్మ పంపిన కూరగిన్నె ఇవ్వడానికి షెడ్డు దగ్గరికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి చూస్తూ, మా నాయన పళ్లెంలోంచి ఒక గొట్టం తీసి, ఇది చీలింది సిన్నాయనా అంది. మా నాయన వెలుగుకు ఎత్తి చూశాడు. అడుగునుండే ఇత్తడి బిళ్ల దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. ఆయన కంటికే ఆనలేదు. ఆ రోజు నుంచి ఆ బల్ల దగ్గర చోటు ఆ అక్కది అయింది.

నేను తలుపు బయట మెట్టు మీద కూర్చుని చూస్తుండేదాన్ని. అక్క గొట్టం మూతి చుట్టూ గోటితో ఒక్క చుట్టు తిప్పేది, అంతే, మంచిదో చెడ్డదో చెప్పేసేది. చెడినదాని అడుగున తన కాటుక డబ్బీలోంచి వేలితో చిన్న చుక్క పెట్టి డబ్బాలో వేసేది, పొరపాటున మళ్లీ కలవకుండా. మా నాయన అది చూసి, చెడిపోయినదానికి దిష్టిచుక్క ఎందుకమ్మా అని పెద్దగా నవ్వాడు. మా నాయన నవ్వే మనిషి కాదు. ఆయన్ను నవ్వించాలని నేను కోతివేషాలు ఎన్నో వేసి ఓడిపోయాను. ఈ పిల్ల మాట కూడా ఆడకుండా నవ్వించేసింది. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి తగిలింది. మా నాయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, పాపా అనేవాడు. ప్రపంచంలో ఆ మాట నా ఒక్కదానిదే అని నా నమ్మకం. ఒకరోజు షెడ్డులోంచి, ఇంకో పళ్లెం అందియ్యి పాపా అని వినిపించింది. నేను ఎగిరి లోపలికి పరుగెత్తాను. పళ్లెం అప్పటికే అక్క చేతిలో ఉంది. మా నాయన నన్ను చూసి, ఏం కావల్ల అని అడిగాడు. ఏమీ లేదని వెనక్కి వచ్చాను. ఆ నాలుగడుగులు ఎలా నడిచానో నాకు ఇప్పటికీ గుర్తు.

ఓర్వలేనితనం ఎన్ని వేషాలు వేస్తుందో నేను ఆ చలికాలంలోనే నేర్చుకున్నాను. అక్క చెప్పులు దాచాను. ఆమెకు గర్వమని అమ్మతో చెప్పాను. ఆమె మా చక్కెర బొక్కుతోందని కూడా చెప్పాను, అది పచ్చి అబద్ధం. అమ్మ కూరగాయలు తరుగుతూనే, ఆ బిడ్డకు నాయన లేడు, నీకుండాడు, ఇంకేం కావల్ల నీకు అంది. నాకుండే నాయననే ఆమె తీసుకుపోతుంటే, ఉన్నాడంటే ఏం లాభం అని నాకనిపించింది. ఆ మాట పైకి అనలేదు. లోపలే ఉంచుకుంటే అది పులిసింది.

అలాంటప్పుడు బాబా ఇంట్లో ఒక పందెం లాంటిది మొదలైంది. రెండు వారాలు పోయాక ఒక శుక్రవారం ఎడారిలో గుడారాలు వేసుకొని పాత స్నేహితులందరూ కలుస్తారట. తమ్ముడు తన అంగడి తూటాలు తెస్తాడట, బాబా ఇంట్లో నింపినవి తెస్తాడట, ఎవరివి బాగా పేలతాయో అందరూ చూస్తారట. మా నాయన నాలుగు వందలు సిద్ధం చెయ్యాలి. రెండు వారాలు ఆయనా అక్కా తల ఎత్తలేదు. బల్ల ఎత్తు, అక్క పొట్టి. మెడ నొప్పి పుడుతోందని మా నాయన సామాను పెట్టె చెక్కలతో ఆమె ఎత్తుకు సరిపోయే పీట ఒకటి చేసి, మేకులు గుచ్చుకోకుండా పైన గుడ్డ కూడా కొట్టాడు. నా ఎత్తుకు ఎవరూ ఎప్పుడూ పీట చెయ్యలేదు. నేను ఆ పీటను చూసిన మధ్యాహ్నమే అనుకున్నాను, ఈ పిల్లను ఇక్కడి నుంచి లేపెయ్యాలి అని.

మంగళవారం మా నాయన బాబాను తీసుకొని ఊళ్లోకి పోయాడు. అక్క ఇంకా రాలేదు. నేను షెడ్డులోకి పోయి, చెడిన గొట్టాల డబ్బాలోంచి ఇరవై దాకా తీశాను. నేల మీద కూర్చుని, ఉమ్ము తడి చేసి, ఒక్కొక్కదాని అడుగున ఉన్న కాటుక చుక్కను నా గౌను అంచుతో తుడిచేశాను. పళ్లెంలోని మంచివాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి గుచ్చేశాను. నా లెక్క చాలా సులువు. నాయన నింపేటప్పుడు చీలినవి కనబడతాయి. ఆ పిల్ల పని ఇంతేనా అనుకుంటాడు. ఇంకొంచెం పెద్దయినాక చూద్దాంలే అని ఆమెకూ చెబుతాడు.

కానీ మా నాయన చూడలేదు. అక్క చూసినవాటిని మళ్లీ చూడాల్సిన పని లేదని అప్పటికే ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. బుధవారం సాయంత్రానికి అన్నీ నింపి, మూతులు మూసి, వరసలుగా డబ్బాల్లో సర్దేశాడు. నింపి మూతి మూశాక చీలిక నొక్కుకుపోతుంది, ఏది మంచిదో ఏది చీలినదో ఇక నాకే తెలియదు. నాలుగు వందలూ ఒక తల్లి పిల్లల్లాగా ఉన్నాయి. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. అయినా చెప్పలేదు. చెబితే ఆ అక్క ఇంకా మంచిదైపోతుంది, నేను ఇంకా చెడ్డదాన్నైపోతాను. అంతవరకే నా బుద్ధి పనిచేసింది.

గురువారం పొద్దుగూకే వేళ మా నాయన బల్ల తుడిచి, చెడిన గొట్టాల డబ్బాను చెత్తలో వేద్దామని చేతికి తీసుకున్నాడు. తీసుకున్నవాడు ఆగిపోయాడు. డబ్బాను ఒకసారి ఊపాడు. మూత తీసి చూశాడు. అక్కను పిలిచి, ఇందులో ఎన్ని వేసినావు అని మామూలుగానే అడిగాడు. గొంతుదాకా ఉండాల సిన్నాయనా, మీరు పారబోసినారనుకున్న అంది ఆమె. ఆయన పారబోయలేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా నాయన డబ్బాకు మూత పెట్టి, పొద్దుపోయింది, మీ అమ్మ కాచుకోనుంటాది, ఇంటికి పో అని ఆమెతో చెప్పాడు. అక్క గడప దాటుతూ ఆగింది.

"నేనే సరిగ్గా సూడలేదేమో సిన్నాయనా."

ఆ మాట కోసమే గదా నేను అన్ని రోజులు కాచుకున్నది. విన్నాను. నోట్లో బెల్లం పడ్డట్టే ఉంది ఒక్క క్షణం. తర్వాత ఆ తీపి ఏమైందో తెలియదు.

మా నాయన షెడ్డు తలుపు వేసి, మెట్టు మీద కూర్చున్న నా దగ్గరికి వచ్చాడు. రేపు పొద్దున నాతో ఎడారికి వస్తావా పాపా అని అడిగాడు. ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట. ఎడారికి ఆయన ఎప్పుడూ ఎవరినీ తీసుకుపోలేదు, అక్కను కూడా. ఆ ఆనందంలో నా భయం ఎక్కడికి పోయిందో పోయింది. నేను నేరుగా గోడ దగ్గరికి పోయి, అవతల బట్టలు తీస్తున్న అక్కను పిలిచి, రేపు మా నాయన నన్ను తుపాకి కాల్చే చోటికి తీసుకుపోతున్నాడు, నన్నొక్కదాన్నే అని చెప్పాను. అక్క తీసిన బట్టలు మడత పెట్టుకుంటూ, మంచిది, స్వెట్టరు వేసుకొని పో, చలి ఉంటాది అంది. అంతే. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. అది ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే భయం వేస్తుంది.

శుక్రవారం తెల్లవారుతుండగా బయల్దేరాం. బాబా వాళ్లు తర్వాత వస్తారు, గుడారాల దగ్గర సామాను దించి అంతా సిద్ధం చెయ్యడం మా నాయన పని. ఎటు చూసినా ఇసుకా రాళ్లూ, దూరంగా ఎవరివో రెండు గుడారాలు. మా నాయన సామాను దించి, బాబా తుపాకి తీసి, తూటా పెట్టడానికి మధ్యకు విరిచి పట్టుకొని, ఒక తూటా డబ్బాను నా ముందు పెట్టాడు.

"నింపినోడే ముందు కాల్చాల పాపా. ఇది బాబా పెట్టిన రూలు గాదు, నేను పెట్టుకున్నది."

ప్రతి వారం ఇంతే చేస్తానని చెప్పాడు. బాబా రాకముందు డబ్బాకు రెండో మూడో తీసి తన భుజానికే తుపాకి ఆనించి కాల్చి చూస్తాడట. నేను ఎప్పుడూ వినలేదు. అమ్మకు కూడా తెలియదనుకుంటాను. తర్వాత ఆయన బడిలో పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పుకుంటూ పోయాడు. చీలిన గొట్టంలో నింపితే మందు బలం పక్కకు పోతుంది. గుళ్లు సగం దూరంలోనే రాలిపోతాయి. ఒక్కోసారి మందుకూ గుళ్లకూ మధ్య పెట్టే అట్టబిళ్ల తుపాకి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే ఆ గొట్టం చేతిలోనే పగులుతుంది. బాబా స్నేహితుడొకాయనకు ఎడమ చేతికి మూడు వేళ్లే ఉంటాయి, నువ్వు సూసినావు గదా అన్నాడు. చూశాను. పండుగనాడు నాకు మిఠాయి ఇచ్చినప్పుడు పళ్లెం పట్టుకుంది ఆ చెయ్యే.

అప్పుడు మా నాయన నా వైపు చూడకుండా, పొద్దు పొడుస్తున్న వైపు చూస్తూ చెయ్యి చాపాడు.

"ఒకటియ్యి. ఏదైనా పర్వాలేదు. అన్నీ ఆ పాప సూసినవే గదా."

నేను డబ్బాలోకి చూశాను. వరసగా ఇత్తడి బిళ్లలు మెరుస్తున్నాయి. అన్నీ ఒకటే. నేను తుడిచిన నలుపు ఒక్కదాని మీదైనా కొంచెం మిగిలి ఉంటే బాగుండునని వెతికాను. బాగా తుడిచాను. మా నాయన అరచెయ్యి నా ముందు తెరిచే ఉంది. ఆ అరచేతిలో స్టీరింగు పట్టుకొని కాచిన కాయలు, బొటనవేలి కింద ఎప్పుడో కాలిన మచ్చ, అంత దగ్గరగా నేను అంతవరకు చూడలేదు. ఐదు వేళ్లు ఉన్నాయి. నేను డబ్బా మూత వేసి దాని మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చిందని కూడా నాకు తెలియలేదు. నేనే కలిపాను నాయనా అన్నాను. కాటుక తుడిచి నేనే కలిపాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. తుపాకిని గుడారం గుంజకు ఆనించి పెట్టి, జేబులోంచి రెండు తూటాలు తీసి చూపించాడు. అంగడివి. కాల్చాల్సి వచ్చి ఉంటే అవే కాల్చేవాడు. నువ్విచ్చింది జేబులో వేసుకొని ఇవి పెట్టుండేవాడిని అన్నాడు. ముందు రోజు చెడిన గొట్టాల డబ్బా తేలికగా ఉండటం చూసినప్పుడే ఆయనకు అనుమానం వచ్చింది. నా గౌను అంచు ఉతుకుతూ, కాటుక ముట్టని పిల్లకు ఇంత కాటుక ఎక్కడిదని అమ్మ విసుక్కోవడం ఆయన అంతకు ముందే విన్నాడు. రెండూ కలుపుకున్నాడు. అడిగితే నేను అబద్ధం చెబుతానని కూడా ఆయనకు తెలుసు. అందుకే అడగలేదు.

ఎందుకు చేసినావు అని మాత్రం అడిగాడు. నేను చెప్పింది ఒక్కటే.

"నువ్వు ఆ అక్కను గూడా పాపా అంటాండావు."

మా నాయన ఇసుకలో చతికిలబడ్డాడు. ఆ మాట తను అంటున్నట్టు ఆయనకే తెలియదని ఆ ముఖం చూస్తే అర్థమైంది. నా తలమీద చెయ్యి పెట్టాడు, మళ్లీ తీసేశాడు. అంతలో దూరంగా జీపుల దుమ్ము కనబడింది.

బాబా దిగీ దిగగానే మా నాయన ఎదురుపోయి, తనకొచ్చిన అరబీలో, ఈ సరుకు పనికిరాదు, పొరపాటు నాది అని చెప్పాడు. నా పేరు రాలేదు, అక్క పేరు రాలేదు. బాబా తమ్ముడు నవ్వి, నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే గదా అంటూ తన డబ్బాలు ముందుకు తోశాడు. ఇంత శ్రమ పడి చివరికి నా దగ్గర చెయ్యి చాపాలా అన్నట్టు ఉంది ఆ నవ్వు. బాబా తమ్ముడి తూటాలతోనే మొదలుపెట్టాడు. పదో పదిహేనో కాల్చేసరికి ఆయన ముఖం మారింది. ఎండ ఎక్కుతోందని సాకు చెప్పి గుడారంలోకి వచ్చి కూర్చున్నాడు. నేను ఒక మూల ఉన్నాను. ఎవరూ చూడటం లేదనుకొని ఆయన కుడి భుజాన్ని ఎడమ చేత్తో రుద్దుకుంటుంటే చూశాను. నేను పొడిచింది ఒకరిని కాదు.

మధ్యాహ్నం బాబా మా నాయనను పిలిచి సూటిగా అడిగాడు, ఇలా మనం నింపుకోవడం నిజంగా గిట్టుబాటేనా, నీ మనసులో మాట చెప్పు అని. మా నాయన ఏం జవాబిచ్చాడో తర్వాత ఇంట్లో అమ్మకు చెప్పాడు. చౌకే బాబా, సామాను వరకు చూస్తే చౌకే. సాయంత్రాలు కలిపితే అంత చౌక కాదు. కానీ అసలు ఖరీదు అది కాదు. బల్ల దగ్గరికి వచ్చే ప్రతి చెయ్యినీ నమ్మగలగాలి. ఆ నమ్మకం ఉన్నంతవరకు దీనికంటే మంచి పని లేదు, ఒక్కసారి తప్పితే నాలుగు వందలూ మట్టే. బాబా విని తల ఊపి, ఖలాస్, ఇక చాలు అన్నాడట. కోపంగా కాదు. ముసలివాళ్లు ఒక అలవాటును వదిలేసేటప్పుడు అనే రకంగా.

నాలుగు వందల తూటాలనూ విప్పాల్సి వచ్చింది. దానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. మందు పని మా నాయన ఒంటరిగా చేసుకున్నాడు. గుళ్లు వేరు చేసి డబ్బాలో పొయ్యడానికి మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను చలికాలమంతా కోరుకున్నది అదే, ఆ బల్ల దగ్గర మా నాయన పక్కన చోటు. దొరికింది. చేసిన పనిని చెరిపే పనికి దొరికింది. ఆ నాలుగు సాయంత్రాలూ నా నోరు లేవలేదు, ఒక్క గుండు కూడా కింద పడలేదు. చివరి రోజు ఆయన మిషన్ మీద పాత దుప్పటి కప్పుతూ, ఆ అక్కకు చెప్పాల్సింది నువ్వే, నేను చెప్పను అన్నాడు. ఎప్పటిలోగా అని గడువు కూడా పెట్టలేదు.

ఎనిమిది రోజులు తిరిగాను. రోజూ గోడదాకా పోయి వెనక్కి వచ్చేదాన్ని. తొమ్మిదో రోజు అక్క బకెట్టుతో బట్టలు ఆరెయ్యడానికి వస్తే గోడ ఎక్కి కూర్చొని, కళ్లు మూసుకొని చెప్పేశాను. ఆమె చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది, నీళ్లు కాళ్ల మీద కారుతున్నాయి. అన్ని రోజులూ ఆమె తన తప్పే అనుకుంటోంది. రోజూ తన వేలి గోటిని చూసుకొని, ఇది ఎక్కడ తప్పింది అని ఆలోచించుకుంటోంది. అది ఆమె చెప్పాకే నాకు తెలిసింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. ఆమె మెల్లగా అంది.

"నాకు గూడా నిన్ను సూస్తే కుళ్లే. నువ్వు అలిగితే పిలిచేదానికి మనిషుండాడు. నాకు ఆ గదిలో తప్ప, బాగా చేసినావని చెప్పేవాళ్లు యాడా లేరు."

తర్వాత దుప్పటి పిండి తీగ మీద వేసి లోపలికి పోయింది. క్షమించానని అనలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. మా నాయన ఆమెను పిలిచి తాను అనుమానపడలేదని చెప్పాడు, పీట తీసుకుపొమ్మన్నాడు. ఆమె తీసుకుపోలేదు. ఎండాకాలంలో వాళ్లమ్మకు అర్దియాలో వేరే ఇంట్లో పని దొరికి ఇద్దరూ వెళ్లిపోయారు. పెద్దయ్యాక ఏదో వర్క్‌షాపులో కొత్త సామాను చూసి మంచి చెడ్డ వేరుచేసే పనిలో చేరిందని, అక్కడ అందరూ ఆమె మాటే ప్రమాణంగా తీసుకుంటారని ఎవరో చెప్పారు. విన్నప్పుడు కడుపులో చిన్న మంట లేచింది. అబద్ధమెందుకు, సంతోషం కంటే ముందు అదే లేచింది.

ఆ చలికాలం తర్వాత మా నాయన సాయంత్రాలన్నీ నావే అయ్యాయి. ఆయన మెట్టు మీద కూర్చునేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని. ఆయన చేతులకు పని లేక మోకాళ్ల మీద ఊరికే ఉండేవి. బాబా మళ్లీ ఎడారికి పోలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేను గెలుచుకున్నది అంతా నా ముందే ఉంది.

ఇప్పుడు నాకు యాభై దాటి చాలా ఏళ్లయింది. ఫహాహీల్ బజారులో ఆడవాళ్ల బట్టలు కుట్టే అంగట్లో పని చేస్తాను. అసూయ నన్ను వదిలిపోలేదు, వయసుతో పాటు అది కూడా ముదిరింది. వదిలిపోతుందని మా నాయన కూడా ఎప్పుడూ చెప్పలేదు. నేను ఆ రోజు నుంచి పట్టుకున్నది ఒక్క అలవాటే. కడుపులో మంట లేచినప్పుడు దాన్ని లోపల దాచను. ఎవరి మీద లేచిందో పోయి వాళ్లకే చెబుతాను. పోయిన నెల ఒక కువైటీ పెళ్లికూతురు గౌను పని ఓనరు నాకు ఇవ్వకుండా, నిన్నగాక మొన్న చేరిన రాజంపేట అమ్మాయికి ఇచ్చాడు. ముత్యాలు కుట్టే పని, నాకు చాలా ఇష్టమైన పని. నేను సూది పక్కన పెట్టి, లేచి, ఆ అమ్మాయి మిషన్ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"నీకు ఆ పని వచ్చినందుకు నాకు కుళ్లుగా ఉందమ్మా. నీకు చెప్పి పోదామని వచ్చిన."

ఆ అమ్మాయి బిత్తరపోయి నా ముఖం చూసింది. తర్వాత పక్కకు జరిగి, స్టూలు మీద నాకు చోటిచ్చి, ఈ మెడ దగ్గర ముత్యాలు నిలవడం లేదక్కా, కొంచెం సూడు అంది.